ఈ ఏటికి ఒక్కటే

"అయ్యా, ఒక్క నిమిషం."

ఎడిటర్ తలెత్తాడు. గుమ్మంలో నడివయసు ఆవిడ, చంకలో గుడ్డసంచి.

"రాతప్రతి అయితే కింద పెట్టెలో వేసి వెళ్లండమ్మా."

"అది కాదండీ, నేను..."

"నేను వేరేవాళ్ల కోసం చూస్తున్నానమ్మా."

నిజమే. కాలువ అవతలి పేట నుంచి వస్తున్న మొట్టమొదటి నవల. దాన్ని అచ్చు వేయించడానికి యజమానిని కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. రచయిత్రిని ఇంతవరకూ చూడలేదు, మాటలన్నీ మెయిళ్లలోనే. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి ఇవాళ వస్తానంది. ఈ పుస్తకం తేలకపోతే తన ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

"పెట్టెలో వేస్తే ఎప్పుడు చూస్తారండీ?"

"రెండేళ్లు పట్టొచ్చు."

"ఇది మా అక్క రాసింది. దానికి చూపు పోతోంది. అప్పటికి అచ్చులో చూసుకోలేదండీ."

ఎడిటర్ మనసు చివుక్కుమంది.

"ఎక్కడుంటారు?"

"కాలువ అవతల."

"అయ్యో! అక్కణ్ణుంచి ఈ ఏడు ఒకటి తీసుకున్నామే! రెండోదంటే మా యజమాని ఒప్పుకోడు."

ఆవిడ గోడవారగా ఉన్న అలమరా వైపు చూసింది.

"కాలువ ఇవతలివాళ్లవి కిక్కిరిసి ఉన్నాయి. వాళ్లకి లేదా ఈ లెక్క?"

ఎడిటర్ బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

"పోనీ, ఆ తీసుకున్నావిడ తప్పుకుంటే ఆ చోటు మా అక్కకి ఇస్తారా?"

"ఆవిడ తప్పుకుంటే మా యజమాని ఆ చోటే ఎత్తేస్తాడు. అయినా దొరక్క దొరికిన అవకాశం, ఎవరు వదులుకుంటారు తల్లీ?"

ఆవిడ కదల్లేదు. ఆయనకి జాలేసింది. ఓదార్పుగా ఏదో ఒకటి అనాలి కదా, అన్నాడు.

"మీరంతా ఒకటే కదమ్మా. ఆవిడది వస్తే మీ అక్కది వచ్చినట్టే అనుకోండి."

ఆవిడ సంచి సర్దుకుని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం దాటింది. బల్ల మీద ఒప్పందం, దాని పక్కన కొత్త పెన్ను. రచయిత్రి జాడ లేదు. ఆయన ఉండబట్టలేక ఆవిడ మెయిల్లో ఉన్న నంబరుకి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇంకా రాలేదేం?"

"వచ్చాను కదండీ," అంది పొద్దుటి గొంతు. "అక్కది రాకపోతే నాదీ రానట్టే అనుకోండి."