ముందు జీపు

"నా వల్ల గాదు చిన్నన్నా. ముందు జీపులో ఇంగ కూసోలేను. నన్ను ఇడిసిపెట్టు."

ఎన్నాళ్లుగానో నోట్లో నానుతున్న మాటను పౌలు ఆ ఉదయం బయటపెట్టేశాడు. విశ్వనాథ తల తిప్పలేదు. మిద్దె మీది గదిలో, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్‌లో యుద్ధం చేస్తున్నాడు. ఇంకాసేపట్లో ప్రొద్దుటూరు నుంచి బయల్దేరి జమ్మలమడుగులో నామినేషన్ వేయాల్సిన మనిషి. కింద కార్లు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఒక్క నిమిషం మామా. ఈ రాక్షసుడు సచ్చేట్లుండాడు."

ఆ నిమిషాల సంగతి పౌలుకు బాగా తెలుసు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మోకాలు సలుపుతోంది. భుజంలో దిగిన బాంబు పెంకు ఇంకా అక్కడే ఉంది. ఎవరు బాంబులేసినా ముందు జీపు మీదే వేస్తారు. ఈలోగా వెనక చిన్నన్న ఉన్న కారు తిరుగుమొహం పట్టాలి, ఆ జీపు ఉన్నదే అందుకు. పోయిన నెల ఎదుటి వర్గం వాళ్లు వచ్చి ఇదే పార్టీలో చేరారు. ముందు నుంచీ ఇందులో ఉన్నవాళ్లు అలిగి అటు పార్టీలోకి పోయారు. శత్రువులు మారారు గానీ పౌలు సీటు మారలేదు. విసుగు కాదది, ఒళ్లంతా పట్టేసిన అలసట.

ఊరికే నిలబడలేక తెరవైపు చూశాడు.

"ఏంది చిన్నన్నా, ఆ ఎలుగుబంటి ఒక్కటే కొట్లాడతాంది, నువ్వేమో వెనకాల్నే నిలబడుండావు?"

విశ్వనాథ ముఖం వెలిగిపోయింది. నామినేషన్ మాటెత్తితే ముడుచుకునే ముఖం అది.

"అదే మామా ఆట! దీంట్లో నేను సమ్మనర్‌ని. మంత్రమేసి జంతువుల్ని పిలుస్తా. అవి ముందర, నేను వెనక. తెలివిలేనోళ్లు జంతువును తోలి, దాని ఎమ్మటే వాళ్లూ ఉరుకుతారు. అట్ల గాదు. రాక్షసుడు దాని మీదికి తిరిగేదాకా కాసుకోని, అప్పుడు దూరం నుంచి కొట్టల్ల. మనకు దెబ్బ తగిలినా ముందు దానికే మందియ్యల్ల."

"దానికి మందు గూడా ఇస్తావా?"

"ఇయ్యకుంటే ఎట్ల? అది పడిపోతే నా ముందర ఎవరుంటారు?"

ఎలుగుబంటి నెత్తి మీద దాని ప్రాణం ఎంతుందో చూపించే పచ్చగీత ఎర్రబడి కురచైపోతోంది.

"అయ్యో, సచ్చిపోతాది చిన్నన్నా!"

"సావనీను. అదే పనితనం. సచ్చేదాకా వాడుకునేటోడు సమ్మనరే గాదు. రక్తం అయిపోతాందంటే వెనక్కి పిలుచుకోవల్ల, ఇంగోదాన్ని దింపల్ల."

టక్కున మీట నొక్కాడు. ఎలుగుబంటి మాయమై ఆ చోట చిరుతపులి దూకింది. రాక్షసుడు కూలిపోయాడు.

పౌలు గోడ వదిలి ముందుకొచ్చాడు. తన బాధ చెప్పుకోవడానికి ఇన్నాళ్లకు మాటలు దొరికాయి.

"నాది గూడా రక్తం అయిపోయింది చిన్నన్నా. సచ్చేదాకా వాడుకోగాకు. నన్నూ వెనక్కి పిలుచుకో."

విశ్వనాథ హెడ్‌సెట్ తీశాడు. నెరిసిన మీసం, వంకరపోయిన మోకాలు తొలిసారి చూస్తున్నట్టు చూశాడు.

"నిజమే మామా. నాకు తోచనే లేదు సూడు. ఈ పొద్దు నుంచే నువ్వు జీపెక్కాకు. ఇంటికి పోయి నెమ్మదిగా ఉండు. నిన్ను సూసుకునేదానికి ఇంట్లో ఎవరుండారు?"

"నా పెండ్లాం దీవెనమ్మ ఉండాది. కొడుకుండాడు, గఫూర్ సాబ్ గుడ్డలంగట్లో పనిచేస్తాడు. గట్టి పిల్లోడు, ఆ దిగులేం లేదు."

"ఇంగేం మామా, పో."

పౌలు కళ్లు నిండాయి. ఈ పిల్లోణ్ని మనసులో ఎన్ని మాటలన్నాడు! తన కష్టాన్ని ఇంతగా అర్థం చేసుకున్నవాడు ఆ ఇంట్లో ఇంకొకరు లేరు. "దేవునికి స్తోత్రం" అనుకుంటూ మెట్లు దిగాడు. బజారులో టీ తాగాడు. తొందరపెట్టే హారన్ లేదు కాబట్టి ఇంకో టీ కూడా తాగాడు. ఎదురొచ్చిన ప్రతి జీపునూ తేరిపార చూసే అలవాటు ఇంక మానుకోవచ్చనుకుంటే నవ్వొచ్చింది.

ఈ కబురు మొదట ప్రేమానందానికే చెప్పాలి. తన ఎత్తుకు ఎదిగిన కొడుకును చిన్నన్న ఇంటి గడప తొక్కనీయకుండా పెంచుకున్నాడు. ఇవాళ వాడితో కూర్చుని, వీధి వైపు వీపు పెట్టి అన్నం తినాలి.

అంగట్లో సగం కొలిచిన గుడ్డ బల్ల మీద పరిచినట్టే ఉంది. గఫూర్ ఒక్కడే ఉన్నాడు.

"మావాడేడి సాబ్? మేము బయట పడినాం. ఇంగ మా ఇంట్లో ఎవురూ ఆ జీపెక్కేది లేదు."

గఫూర్ గుడ్డ మడతపెట్టడం ఆపి అతని వైపు అయోమయంగా చూశాడు.

"అదేందప్పా, నువ్వే చెప్పినావంటనే? ఇప్పుడే చిన్నన్న బండ్లు ఈడ ఆపి, ప్రేమానందాన్ని ముందు జీపులో నీ సీట్లో కూసోబెట్టుకోని జమ్మలమడుక్కు పాయ."