బుధవారాల కార్డు

కార్డులో తేదీలన్నీ బుధవారాలే ఎట్లా పడ్డాయంటే, పాత క్యాలెండరు తిరగేసి తనే వేసింది కదా, అనుకుంది ఫ్లోరెన్స్. కొత్తగూడెం దాటాక అడవి అంచున ఉన్న అనాథాశ్రమంలో ఆమె నర్సు. ఏడాది పాప స్తుతి ఏ కాగితమూ లేకుండా వచ్చినప్పుడు, తనిఖీ భయంతో టీకాల కార్డు తనే నింపింది. టీకాలేసే రోజు బుధవారం మరి. సూదులు తర్వాత వేయిద్దామనుకుంది. కార్డు నిండాక ఎవరూ అడగలేదు. తనూ వేయించలేదు.

ఇప్పుడు మూడేళ్ల స్తుతిని స్పెయిన్ దంపతులు దత్తత తీసుకుంటున్నారు. అక్కడి డాక్టరు ఉత్తరం మేనేజరు షాలేమ్‌రాజు చేతిలో ఉంది.

"కార్డు నమ్మొచ్చా అని అడుగుతుండు. అవ్ అని రాస్త."

"నమ్మొద్దంటే ఏం చేస్తరు సార్?"

"అన్ని సూదులు మళ్ల మొదటి నుంచి. రక్తపరీక్ష చేసి ఏది పడ్డదో ఎతికే కన్న అదే చవకంట. లెక్కగట్టి మరీ రాసిండు మహానుభావుడు."

"నమ్మితే?"

"ఒక్కటి గూడ ఎయ్యరు. ఏందమ్మా, గట్ల చూస్తున్నవ్?"

"మనం గూడ ఒక్కటి ఎయ్యలే సార్."

"తెలుసు. జర మెల్లగ మాట్లాడు. నీ నౌకరీ పోతది."

ఫ్లోరెన్స్ బల్ల మీది కార్డు వైపు చూసింది. కార్డు లేకుండా వెళ్తే ఆ పిల్లకు అక్కడ అన్నీ వేసేవారు. తను శ్రద్ధగా నింపిన కార్డే వాళ్ల చెయ్యి పట్టి ఆపుతోంది.

ఆమె కార్డు తీసుకుంది. బుధవారాలన్నిటి మీదా అడ్డగీత గీసి, కింద 'వేయలేదు' అని రాసి సంతకం పెట్టింది.