పాలు పొంగిన ఇల్లు

"నంబరు చూసి దిగండి," అంది శకుంతల, ఒళ్ళో ఇత్తడి గిన్నె జారిపోకుండా పట్టుకుని.

"నంబరేమిటి నీ మొహం! వరసలో చివరి ఇల్లన్నాడు అల్లుడు. ఇదిగో చివరిది. ఈ ముహూర్తం దాటిందంటే రేపటి నుంచి మూఢం. మూఢం వెళ్ళేసరికి పిల్లకి నెలలు నిండుతాయి. అద్దె కొంపలో పురుడు పోస్తావా?"

ఈశ్వరరావు కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. పిల్లలుంటున్న ఆ పరాయి దేశంలో, హెండర్సన్ పేటలోని ఆ సందులో అయిదు ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఒకే రేకుల కప్పు కింద నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకే మూస. పక్క ఇంటి ముందు ఎండకు రంగు పోయిన సోఫా ఒకటి, కంచె మీద ఆరేసిన బొంతలు. ఆయనకు వెగటు పుట్టింది.

"రైలు పెట్టెలు నయం. వాటికి చక్రాలైనా ఉంటాయి, ఇక్కడి నుంచి వెళ్ళిపోవచ్చు."

"పిల్లలకి అందుబాటులో దొరికింది ఇదే కదండీ. పోనీ, ఇల్లమ్మిన ఆ డచ్చావిడ మంచిది. తాళాలు వచ్చే నెల ఇవ్వాల్సినా, ఈ పూట పాలు పొంగించుకోమంది."

ఫోను మోగింది. అల్లుడు అక్షయ్. "మావయ్యగారూ, మోటర్‌వే మీద ఇరుక్కుపోయాం. టైమ్ అయిపోతోంది, మీరు మొదలుపెట్టేయండి. ఓనర్‌కి చెప్పే ఉంచాను."

ఈశ్వరరావు తలుపు తట్టాడు. నల్ల గౌను వేసుకున్న ముసలావిడ తీసింది. తల పూర్తిగా నెరిసిపోయింది.

"మేము ప్రార్థన కోసం వచ్చాం," అన్నాడాయన ఇంగ్లీషులో. "పాలు కాచాలి. చిన్న పూజ."

ఆవిడ ఇద్దరినీ, గిన్నెనీ, పూలనీ చూసింది. "ఇంత పొద్దున్నే వస్తారనుకోలేదు," అంటూ తలుపు బార్లా తీసింది. "రండి. మీ ఇష్టం, ఎలా చేయాలంటే అలా చేయండి."

శకుంతల కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. ఈశ్వరరావు అగరొత్తులు వెలిగించి, ధూపం చూపించడానికి గది గదికీ బయల్దేరాడు. ముసలావిడ ఆయన వెనకాలే నడిచింది. ఆయన నోరు మాత్రం ఊరుకోలేదు.

"చూశావా, గుమ్మంలోనే మగాడి బూట్లు. ఇవి దాటుకుని రావాలి లక్ష్మీదేవి!"

"మెల్లిగా అనండి."

"తెలుగు దీనికేం తెలుస్తుంది? ఇదా హాలు? కుర్చీలన్నీ గోడవారకి తోసి మధ్యలో మైదానం చేసింది. అద్దానికి గుడ్డ కప్పింది చూడు, తుడవడానికి బద్ధకం. ఆ పూలేమిటి, అన్ని జాడీల్లో! అన్నీ వాడిపోయాయి. పారేయడానికి కూడా ఒళ్ళు వంగదు."

ముసలావిడ చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడింది.

"సిగ్గుతో తలెత్తడం లేదు," అన్నాడు ఈశ్వరరావు. పడకగదిలోకి వెళ్ళి నాలుగు మూలలా పొగ తిప్పాడు. "గాలి లేదు, వెలుతురు లేదు. మా బందర్లో ఈ డచ్చివాళ్ళ తాతముత్తాతల సమాధులున్నాయి. ఈ కొంప కంటే అవే విశాలం."

"శుభమా అని వచ్చి ఆ మాటలేమిటండీ!"

"ఉన్న మాటే అన్నాను. ఇందులో మనిషన్నవాడు ఎన్నాళ్ళు బతుకుతాడు?"

స్నానాలగదినీ వదల్లేదు, వెనక వసారానీ వదల్లేదు. ఒక్కో గుమ్మం దగ్గర ఆగడం, పొగ చూపించడం, గోడల్ని, కిటికీల్ని, కట్టినవాణ్ణి, ఉన్నవాణ్ణి పేరు పేరునా తిట్టడం. ముసలావిడ ప్రతి గుమ్మం దగ్గరా ఆయనతోపాటు ఆగింది. ఒకచోట కళ్ళు మూసుకుంది కూడా.

వంటింట్లో గిన్నె పొయ్యి మీద పెట్టారు. సింకు నిండా ఎవరెవరో తాగి వదిలేసిన కప్పులు. "ఊరందరికీ టీలు పోసింది గాని, కడుక్కునే తీరిక లేదు మహారాణికి," అన్నాడు ఈశ్వరరావు. పాలు నురగ కట్టి, అంచు దాకా వచ్చి, తూర్పు వైపుకి పొంగాయి. శకుంతల రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ముసలావిడ గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? అమ్మేశాక!" అన్నాడాయన, కాస్త తృప్తిగానే. అంతా సమయానికి జరిగిపోయింది. మనవడో మనవరాలో సొంత ఇంట్లోనే కళ్ళు తెరుస్తారు.

ఫోను మళ్ళీ మోగింది.

"మావయ్యగారూ, ఎక్కడున్నారు? మేం వచ్చేశాం. మీరింకా రాలేదంటోందేంటి ఓనరు?"

ఈశ్వరరావు కిటికీలోంచి తొంగి చూశాడు. అల్లుడి కారు వరసకి అవతలి చివర ఆగి ఉంది. ఆ చివరి ఇంటి గుమ్మంలో చేతికర్ర పట్టుకున్న పొడుగాటి ముసలావిడ ఒకామె, పక్కనే నడుం మీద చెయ్యి వేసుకుని కూతురు అలేఖ్య. ఆయన చేతిలో అగరొత్తుల నుసి నేల మీద రాలింది.

"ఏవండీ," శకుంతల ఆయన భుజం మీంచి తొంగి చూసింది. "మరి ఈవిడ మనల్ని లోపలికి ఎందుకు రానిచ్చింది?"

అడగాల్సిన పని లేకపోయింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని వచ్చి ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మా ఆయన శవపేటిక నిన్నటి దాకా ఆ ముందు గదిలోనే ఉంది. ఇల్లు శుద్ధి చేయడానికి మనుషుల్ని పంపిస్తామన్నారు చర్చివాళ్ళు," అంది. "నాకు మీ భాష రాదు. అయినా ఒక్క గది కూడా వదలకుండా, ఆయన కోసం ఎంత మనసు పెట్టి ప్రార్థించారండీ!"