మారు వడ్డన

గుండె జాగ్రత్తని డాక్టరు హెచ్చరించాక, లిఫ్టు మెకానిక్ పొద్దుటి నడక మొదలుపెట్టి నాలుగో రోజే మానేశాడు. మెస్సులో తిండి కూడా తగ్గించలేకపోయాడు.

ఈ మధ్యాహ్నం వడ్డించే అక్క గరిటెతో రాగానే, కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“చాలక్కా.”

“అదేంటి తమ్ముడూ! రోజూ మూడుసార్లు వేయించుకుంటావు కదా. కూర బాలేదా?”

“బాగుంది. నాకు ఎప్పుడూ మొదటిసారికే కడుపు నిండిపోతుంది.”

“మరి ఎందుకు వేయించుకునేవాడివి?”

అతను తలెత్తలేదు.

“ఇంకొంచెం వెయ్యనా అని అడుగుతావు కదక్కా. రోజు మొత్తంలో నన్నెవరైనా ఏదైనా అడిగేది అదొక్కటే.”

వెనక బల్ల దగ్గర ఎవరో అన్నం కోసం కేకేశారు.

“వస్తున్నా, ఆగండి!” అంటూ అక్క అతని ఎదురుగా కూర్చుంది. “పొద్దున్నుంచీ ఏం చేశావో చెప్పు.”