చూరు పలకల ఖర్చు

ఆడి నెల ఈదురుగాలికి చూరు పలక ఊడి, రెండు పెంకులతో సహా వీధిలో పోతున్న ముసలాయన భుజం మీద పడింది.

అప్పుడే మిల్లు నుంచి వచ్చి ఆ ఇంటి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్న పాపమ్మాళ్ చెంబు వదిలేసి పరుగెత్తింది.

ముసలాయన చొక్కా చిరిగి రక్తం కారుతోంది. ఆయన మాత్రం గాయం చూసుకోలేదు. తలెత్తి ఇంటి చూరు వెంబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. పెంకుల అంచుకు కొట్టిన పలకలన్నీ చెదలు తినేసి ఉన్నాయి. వాటిని పట్టుకుని వేలాడుతున్న పెంకులు ఇవాళో రేపో అన్నట్టున్నాయి.

తర్వాత, గడప మీద గచ్చకాయలు ఆడుకుంటున్న పిల్లను చూశాడు. పాపమ్మాళ్ కూతురు, అమరావతి.

"ఆ బిడ్డ రోజూ ఆడనే కూర్చుంటాదా తల్లీ?"

మాట తెలుగే, మధురై పక్క యాస. కోయంబత్తూరులో ఆ వీధి వీధంతా తెలుగు మాట్లాడేవాళ్ళే అయినా ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు.

పాపమ్మాళ్ పసుపు అద్ది గుడ్డ కట్టింది. కట్టించుకుంటూనే ఆయన ఇల్లెవరిదని అడిగాడు. పలకలు మార్చాలంటే ఎంతవుతుందని అడిగాడు.

ఆ అడగడం ఆమెకు నచ్చలేదు. దెబ్బకు పరిహారం గుంజడానికి కూపీ లాగుతున్నాడనుకుంది.

అయినా కడుపులో మంట కొద్దీ చెప్పేసింది. ఇల్లు ఊళ్ళోనే ఆర్.ఎస్. పురంలో ఉండే పెరియసామిది. పలకలు మార్చమని అడిగి అడిగి తన నోరు నొప్పి పుట్టింది. వడ్రంగి మారిముత్తును పిలిచి చూపిస్తే, టేకు పలకలు, మేకులు, కూలి అన్నీ కలిపి ఆమె రెండు నెలల జీతం దాటుతుందన్నాడు. నాసి కట్టె వేస్తే మళ్ళీ ఆడికి ఇదే గతి అన్నాడు. ఆ సంగతి పెరియసామికి చెబితే, ఉండేది నువ్వు కాబట్టి మార్చుకునేదీ నువ్వే అన్నాడు.

మొగుడు పోయి, మిల్లులో నూలు చుట్టి బిడ్డను సాకుతున్న మనిషి ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మర్నాడు ముసలాయన మళ్ళీ వచ్చాడు. గడప మీదున్న అమరావతిని లేపి లోపలికి పోయి ఆడుకోమన్నాడు. ఆ తర్వాతా అంతే. వచ్చినప్పుడల్లా పిల్లను లేపడం, చూరుకేసి చూస్తూ నిలబడడం.

పాపమ్మాళ్‌కు ఒళ్ళు మండింది. తన గడప, తన బిడ్డ. లేపడానికి ఈయనెవరు?

ఒకరోజు పెరియసామే వీధిలోకి దిగాడు. ఎవరో ముసలివాణ్ణి తన ఇంటి మీదికి పంపి, నలుగురి ముందు పలకల సంగతి అడిగించిందని పాపమ్మాళ్ మీద అరిచాడు. ఇంకోసారి ఇట్లా జరిగితే సామాను బయట పారేయిస్తానని చెప్పి పోయాడు.

సాయంత్రం ముసలాయన కనబడగానే ఆమె ఆగలేకపోయింది.

"నీ దెబ్బకు డబ్బు కావాలంటే నన్నడుగు తాతా. నెలనెలా ఇచ్చుకుంటాను. ఉండే నీడ కూడా పోగొట్టొద్దు. నా బిడ్డ సంగతి నీకేంటికి? నీకేమన్నా సొంతమా?"

వీధిలోవాళ్ళు చూస్తున్నారు. ఆయన తల దించుకుని అంతా విన్నాడు.

"సొంతం లేదు తల్లీ. పలకలు మార్చే దాకా బిడ్డను లోపలే ఉంచుకో."

ఆమె ఆయన ముఖం మీదే తలుపేసింది.

వారం తిరక్కుండానే మారిముత్తు టేకు పలకలు బండి మీద వేసుకుని వచ్చాడు. డబ్బు ముట్టింది, అడ్డం తప్పుకోమన్నాడు. చెదపలకలు పీకేసి కొత్తవి కొట్టాడు. పెంకులన్నీ సరిగ్గా పేర్చాడు. ముసలాయన కేసు పెడతాడని పెరియసామి బెదిరినట్టున్నాడని వీధిలో అందరూ అనుకున్నారు. పాపమ్మాళ్ కూడా అదే అనుకుంది.

ఆ వారం గాలికి వీధి చివర టీ కొట్టు రేకులు లేచిపోయాయి. ఆ ఇంటి మీద మాత్రం ఒక్క పెంకు కదల్లేదు.

ఎంత పాడు మనిషైనా, చేసినందుకు ఒక మాట చెప్పాలి కదా అని ఆదివారం ఆర్.ఎస్. పురం వెళ్ళి పెరియసామికి దండం పెట్టింది.

ఆయన వింతగా చూశాడు. తాను పైసా ఇవ్వలేదన్నాడు. కాసేపు ఆలోచించి, ఎట్లాగూ ఇల్లు బాగుపడింది కాబట్టి వచ్చే నెల నుంచి బాడుగ పెంచుతున్నానన్నాడు.

పాపమ్మాళ్‌కు ఆ మాటతో ఇంకేం భయం లేకపోయింది.

"ఆ చూరులో ఒక మేకు కూడా మీది కాదు సామీ. బాడుగ పెంచాలంటే మా వీధిలోకి వచ్చి, అందరి ముందర అడగండి."

మెట్లు దిగి నేరుగా మారిముత్తు కొట్టానికి పోయింది. అతను పలకకు చిత్రిక పడుతున్నాడు.

"నీకు డబ్బెవరిచ్చినారు తమ్ముడూ?"

చెప్పొద్దన్నారన్నాడు మారిముత్తు. ఆమె కదల్లేదు. ఆఖరికి, ఆ ముసలాయనే ఇచ్చాడని, పొద్దున రైలుకు మధురై వెళ్ళిపోయాడని చెప్పాడు.



"వీధిలో నిలబెట్టి తిట్టినానే ఆయన్ని. మేమెవరమని చేసినాడు?"

మారిముత్తు చిత్రిక పక్కన పెట్టాడు.

"పోయిన ఆడిలో, ఏదో మిల్లు కూలోళ్ళకిచ్చే లైనింట్లో చూరు ఊడి, గడప మీద కూర్చున్న ఆయన మనవరాలి తల మీద పడిందంట అక్కా, ఆ బిడ్డ ప్రాణానికని మిల్లోళ్ళు చేతిలో పెట్టిన డబ్బు ఇన్నాళ్ళూ ముట్టుకోకుండా ఉంచి, అదే తెచ్చి నాకిచ్చినాడు."