తాడు కట్టే కొక్కెం

"బోల్టులేసీమంటావా, ఫైబర్ పెట్టి అతికించీమంటావా?" కొత్త స్టీలు కొక్కెం చేత్తో పట్టుకుని, ఒడ్డునున్న పడవ పక్కన నిలబడి అడిగాడు పడవలు బాగుచేసే జగన్నాధం.

"బోల్టులే ఎయ్యి," అన్నాడు ధనరాజు.

ఇరవయ్యేళ్లుగా ఆ పడవలో ధనరాజు వెనక చుక్కాని పట్టేవాడు. అతని బావ ఎల్లాజీ ముందు కూర్చుని తెరచాప తాడు చూసుకునేవాడు. మొన్న వేసవిలో ఎల్లాజీకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇక ఒక్కడే నడపాలంటే తాడు కట్టే కొక్కెం చుక్కాని పక్కకు రావాలి.

ఇసుకలో కూర్చుని చూస్తున్న ఎల్లాజీ అడ్డుపడ్డాడు. "బోల్టులెందుకురా? ఉప్పునీటికి తుప్పట్టీసి ఊగిపోతాయి. గాలి ఇసురుకి ఊడొస్తే ఒక్కడివీ ఏటి సేస్తావు?"

"నీ సెయ్యి బాగైతే మళ్లీ ముందుకి మార్సాల గదా బావా. అతికించీస్తే పీకనేం."

ఎల్లాజీ ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "డాట్రు నీతో సెప్పిందే నాతోనూ సెప్పాడురా. నువ్వు నాకు సెప్పనేదు, నాను నీకు సెప్పనేదు."

ధనరాజు కొక్కెం అందుకుని చుక్కాని పక్కన ఆనించి పట్టుకున్నాడు.

"అతికించీ, జగన్నాధం," అన్నాడు ఎల్లాజీ.

ఫైబర్ ఎండాక మూడోరోజు పొద్దున్న, ఒడ్డునున్నవాళ్లు పడవను నీళ్లలోకి తోశారు. ధనరాజు ఒక్కడే ఎక్కాడు. అలలు దాటాక గాలి మళ్లింది.

"బావా, తాడొదులు!" అలవాటుగా కేకేశాడు.

ముందు ఎవరూ లేరు. తాడు తన చేతి పక్కనే ఉంది.