నలభై మెచ్చుకోళ్ళు

"తీసేస్తున్నానక్కా, నువ్వు చూడకు," అంటూ చెల్లెలు ఫోన్ వెనక్కి దాచింది. పొద్దుటినించి కాలుగాలిన పిల్లిలా షాపంతా తిరుగుతోంది.

అక్క కుట్టుమిషన్ ఆపి చెయ్యి చాచింది. "ఇటియ్యి."

తమ టైలరింగ్ షాపు పేజీలో ఒకావిడ రాసింది: 'ఇంటర్వ్యూకని ఇక్కడ జాకెట్ కుట్టించుకున్నాను. మెట్లెక్కుతుంటేనే చంక దగ్గర కుట్లు ఊడిపోయాయి. లోపల కూర్చున్నంతసేపూ చెయ్యి కదపలేదు.'

"చెడ్డ కామెంట్ ఒక్కటున్నా కొత్తవాళ్ళు గుమ్మం తొక్కరని మార్కెటింగ్ క్లాసులో చెప్పారు," అంది చెల్లెలు. "పైన నలభై మంది ఎంత మెచ్చుకున్నారో చూడు."

అక్క ఒక్కొక్కటే చదివింది. ఒక్క పేరూ తెలియలేదు.

"వీళ్ళెవరే? వీళ్ళకి నేనెప్పుడూ కొలతలు తియ్యలేదే?"

చెల్లెలు గోరు కొరుక్కుంది. "నా క్లాసువాళ్ళు. వాళ్ళ షాపుల గురించి నేను రాస్తాను, మన గురించి వాళ్ళు రాస్తారు. అందరూ చేసేదేగా."

"అయితే ఇందరిలో నేను కుట్టింది వేసుకున్నది ఈవిడ ఒక్కతేనన్నమాట."



అక్క కొలతల పుస్తకం తిరగేసి ఆవిడ నంబరు పట్టుకుంది. వెంటనే ఫోన్ చేసింది.

"నేనమ్మా, టైలర్ని. తప్పు నాదే. ఆ రోజు తొందరపడి ఒంటి కుట్టు వేసి ఇచ్చేశాను. తీసుకొస్తే దగ్గరుండి సరిచేసిస్తాను."



"వచ్చేవారం ఇంకో ఇంటర్వ్యూ ఉందండీ," అంది ఆవిడ. "ఇప్పుడు రానా?"

"రామ్మా."

అక్క మిషన్ మీది గుడ్డ పక్కకి తీసి చోటు చేసింది. ఆమె చెప్పకుండానే, చెల్లెలు ఆ నలభై మెచ్చుకోళ్ళనూ చెరపడం మొదలుపెట్టింది.